మా నాటు అయ్యేదాకా ఆగారు

మా ఊరు వేములపల్లి నుంచి ఆటోలో కొంచెం దూరం. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండుతుంది. మా మడి కాలువకు చిట్టచివర ఉంది. పైవాళ్ళందరూ తడుపుకున్నాక మిగిలిన నీళ్ళే మాకు. కాబట్టి ఊరందరి నాట్లు అయిపోయాక మా నాటు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఇదే వరస. ఎప్పుడూ దీన్ని మా దరిద్రంగానే అనుకున్నాను. కిందటేడు వానకాలంలో ఆ ఆలస్యమే ఒక మనిషిని ఇరవై రోజులు ఊళ్ళో ఉంచిందని నాకు తరువాత తెలిసింది.

మా దగ్గర నాటు ఆడవాళ్ళ పని. మగవాళ్ళు నారు కట్టలు మోసి, గట్టు మీద నిలబడి పెత్తనం చేస్తారు. బెంగాల్ ముఠాలు రావడం మొదలయ్యాక మొదటిసారి మగవాళ్ళు వంగి నాటు వెయ్యడం చూశాం. పదిమంది తాడు పట్టుకుని, ఒక్క మాట లేకుండా వెనక్కి వెనక్కి పోతూ, పొద్దు వాలేలోగా ఎకరాలకు ఎకరాలు పచ్చగా చేసేవాళ్ళు. కుదుళ్ళ మధ్య దూరం జానెడుకు తప్పుతుందేమోనని నేను గట్టు వెంట నడిచి చూసేదాన్ని. తప్పేది కాదు. వాళ్ళు అగ్గువ కూడా, తక్కువ కూలికే వచ్చేవాళ్ళు. నేను అగ్గిపుల్లను రెండుగా చీల్చి వాడిన ఇంట్లో పుట్టిన మనిషిని. అగ్గువకు మంచి పని దొరికితే ఎందుకు వదులుతాను?

మా ఊరి నాటు ముఠాకు పెద్ద ఒకామె ఉంది, నాకు వరసకు కోడలు. ఒకనాడు కిరాణం దుకాణం ముందు నన్ను ఆపింది.

"మాకంటె అగ్గువకు దొరికిండ్రని పరదేశపోళ్ళను పెట్టుకున్నవ్. మరి మేం ఎవరి పొలంల నాటెయ్యాలె అత్తా?"

"నువ్వు పది రోజులకు గాని రావు. అప్పటికి నారు ముదిరి కట్టెలైతది. నారు నీ కోసం ఆగుతదా?"

"నారు ఆగది. మా కడుపులే ఆగాలె," అని చెంగు దులుపుకుని పోయింది. అయినా మరుసటి ఏడు కూడా బెంగాల్ ముఠానే పిలిచాను.

వాళ్ళు మా గొర్రెల కొట్టంలో ఉండేవాళ్ళు. మా ఆయన పోయాక మందను అమ్మేశాం, కొట్టం ఖాళీగా పడి ఉంది. మా ఆయన బతికి ఉండగా ఎండాకాలం మందను తోలుకుని కృష్ణ దాటి పోయేవాడు. అక్కడి రైతులు పొలాల్లో మందను ఆపుకునేవాళ్ళు, ఎరువు కోసం. ఎరువు పడ్డాక ఇంక పొమ్మనేవాళ్ళు. ఒక్కోచోట దొంగలని కూడా అన్నారు. కానీ కాగితం చూపించమని ఎవరూ అడగలేదు. ఆ సంగతులు తెలిసినదాన్ని కాబట్టి కొట్టంలో వాళ్ళను ఉంచడం నాకు వింత అనిపించలేదు.

ముఠాలో ఒకే ఒక ఆడమనిషి. ముఠా మేస్త్రీ భార్య. పాతికేళ్ళు ఉంటాయేమో. పొద్దున్నే అందరికీ వండి, తరువాత తనూ మడిలో దిగేది. మొదటి ఏడు నేను ఆమెతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. ఒకరోజు కొట్టం వైపు పోతే, ఆమె సొరకాయ తొక్కను సన్నగా తరిగి ఆవనూనెలో వేయిస్తోంది. నేను కూడా సొరకాయ తొక్క పారెయ్యను, పచ్చడి చేస్తాను. మా ఇంట్లో ఉండే కోడలికి, అంటే నా కొడుకు భార్యకు, ఆ పచ్చడి చూస్తే నామోషీ. ఆ రోజు ఆ పిల్ల చేసిన వేపుడు తిని, కొట్టం గడపలోనే కూర్చున్నాను. ఆమెకు తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చు. నాకు వాళ్ళ హిందీకి దగ్గరగా ఉండే తురకం ముక్కలు ముక్కలుగా వచ్చు. రెండూ కలిపి గడిచిపోయేది.

నేను ఎవరినీ తొందరగా దగ్గరకు తియ్యను. కూతురిని కూడా ముద్దు చెయ్యలేదు. ఆ పిల్లనైతే తిడుతూనే ఉండేదాన్ని. నీళ్ళు పారబోస్తున్నవ్, పొయ్యి ఉత్తగనే మండుతున్నది, అని. ఆమె నవ్వి, "అమ్మ కోపం, అన్నం మంచిది," అనేది. నేను పెట్టే అన్నం మంచిదే కానీ కోపం ఎక్కువని దాని అర్థం.

రెండో ఏడు నాట్ల మధ్యలో ఆమెకు జ్వరం పట్టింది. మూడు రోజులైనా తగ్గకపోతే నేనే మొగుడూపెళ్ళాలిద్దరినీ మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోయాను. చీటీ రాసే చోట ఆధార్ అడిగారు. ఆమె తల దించుకుంది. వాళ్ళాయన ముందుకొచ్చి తన కార్డు పెట్టాడు. ఆమెది ఊళ్ళో మరిచిపోయాం అన్నాడు. ఆ మాట అంటూ అతను ఆమె వైపు చూసిన తీరు నాకు నచ్చలేదు. ఇంటికొచ్చి, గోళీలు మింగించి, అడిగాను.

"కార్డు మరిచిండ్రా, లేనే లేదా?"

"లేదు అమ్మ."

"ఎందుకు లేదు?"

ఆమె చెప్పింది. వాళ్ళ ఆయనది ఇటువైపు బెంగాల్. ఆమెది నది అవతల. మాకు కృష్ణ ఉన్నట్టే వాళ్ళకూ ఒక నది ఉందట. అవతల వేరే దేశమట. పన్నెండేళ్ళప్పుడు మేనత్త వెంట దాటి వచ్చింది. మేనత్త చచ్చిపోయింది. ఇటు పెళ్ళయింది. అవతల ఇప్పుడు ఆమెకు ఎవరూ లేరు. దొరికితే ఒక్కదాన్నే అటు పంపుతారు, వాళ్ళాయనను రానివ్వరు. చెబుతున్నంతసేపూ నా మోకాలి మీద చెయ్యి వేసే ఉంది.

నాకు కోపం వచ్చింది. రెండేళ్ళ నాట్లకు నా కొట్టంలో ఉండి, నా పొయ్యి నిప్పు తీసుకుని, ఇంత సంగతి దాచింది. నన్ను మోసం చేసిందనే అనుకున్నాను. ఆ సాయంత్రం ఆమెకు గంజి నేను పొయ్యలేదు, కోడలి చేత పంపించాను. పొమ్మందామా అని కూడా అనుకున్నాను. కానీ నారు ముదురుతోంది, నీళ్ళు ఇంకా మా మడికి చేరలేదు. ఉన్నమాట చెప్పాలి కదా, ఆమె మీద దయ ఒక్కటే కాదు, మడి కూడా గుర్తొచ్చింది.

రెండు రోజులకు కోపం దిగింది. ఆ పిల్లకు ఏదో ఒక కాగితం ఉంటే బాగుండు అనిపించింది.

మా మరిది, అంటే మా ఆయన తమ్ముడు, ఒకసారి వార్డు మెంబరుగా చేశాడు. ఊళ్ళో ఎవరికి ఏ కాగితం కావాలన్నా ఆయన్ను వెంటబెట్టుకునే ఆఫీసులకు పోతారు. నా పింఛను చేయించింది ఆయనే. మా ఇంట్లో పెద్ద మాట ఏదున్నా మగమనిషి చెవిన వెయ్యడం అలవాటు, మా ఆయన లేడు కాబట్టి ఈయన చెవిన వేశాను.

"గా పిల్ల మన ఊళ్ళె ఉంటున్నట్టు ఏదన్న కాగితం చేయించొచ్చునా?"

"ఎందుకు వదినా? ఆధార్ లేదా ఆమెకు?"

అంతా చెప్పాను. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఇంకెవరికన్న చెప్పినవా?"

"నీకే."

"ఎవ్వరికి చెప్పకు. నేను సూసుకుంట."

నేను నిశ్చింతగా ఇంటికి వచ్చాను. ఆ పిల్లతో కూడా, "పరేషాన్ గాకు, పెద్దమనిషికి చెప్పిన, ఏదన్న తోవ సూస్తడు," అన్నాను. ఆమె ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. తరువాత తల ఊపింది. ఆ పాలిపోవడం నేను చూశాను. పట్టించుకోలేదు.

ఆ తరువాత ఇరవై రోజులు నాట్లు నడిచాయి. మా మరిది పొలంలోనే ఆ పిల్ల నాలుగు రోజులు వంగింది. ఆయన గట్టు మీద నిలబడి, "జల్ది జల్ది బిడ్డా, మబ్బు పట్టింది," అంటుంటే నేను విన్నాను. బిడ్డా అనే పిలిచాడు. ఊళ్ళో మిగతావాళ్ళూ అంతే. పొలానికి చాయ్ పంపేవాళ్ళు, నారు అందించేవాళ్ళు. అదే నోటితో దుకాణం దగ్గర ఫోన్లు పట్టుకుని వేరే మాటలు.

"బంగ్లాదేశోళ్ళు అంతట జొర్రిండ్రట. ఒక్కొక్కన్ని ఏరి పంపాలె," అన్నాడు ఒక రైతు.

"మరి నీ పొలంల నాటేసిందెవ్వరు?" అని నేను అడిగాను.

"అయ్యో, ఈళ్ళు మంచోళ్ళే పెద్దమ్మా. నేను వేరేటోళ్ళ గురించి అంటున్న."

వేరేవాళ్ళంటే ఎవరో అతనికీ తెలియదు. ఫోన్లో చూసినవాళ్ళు.

మా ఊళ్ళో ఒక ఆచారం ఉంది. ఆఖరి నాటు ఎవరిదైతే వాళ్ళ ఇంట్లో ఆ రోజు కూలీలందరికీ అన్నం పెట్టాలి. ఆఖరి మడి మాది కాబట్టి ప్రతి ఏడూ ఆ ఖర్చు మాదే. నేను పప్పు, చింతపండు చారు చేసి, గుడ్డు సగానికి కోసి పెట్టేదాన్ని. ఈసారి మా మరిది ముందు రోజే ఒక నాటుకోడిని పట్టుకొచ్చి వాకిట్లో వదిలాడు.

"మంచిగ కష్టపడ్డరు వదినా. ఈసారి కోడి కొయ్యి. గా పిల్లను వడ్డియ్యనీయకు, ఆమెను కూడ కూసోబెట్టు. అందరు ఒక్క బంతికి కూసుంటే మంచిగుంటది."

"నువ్వు వస్తవా?"

"పగటాలకు, అన్నం యాళ్ళకు వస్త."

ఆయనకు ఇంత మర్యాద ఎప్పుడు వచ్చిందా అనుకున్నాను. కానీ కోడి ఉత్తగా వచ్చింది, ఎందుకు కాదనాలి? పొద్దున్నే కోసి, మసాలా నూరి, పెద్ద గంజులో వండాను. నాటు పన్నెండు గంటలకల్లా అయిపోయింది. వాళ్ళు కాలువలో కాళ్ళు కడుక్కుని వచ్చి కొట్టం ముందు వరసగా కూర్చున్నారు. ఆ పిల్ల అలవాటుగా గరిటె అందుకుంది. నేను గరిటె లాక్కుని, చెయ్యి పట్టి, వాళ్ళాయన పక్కన కూర్చోబెట్టాను. "ఇయ్యాల నువ్వు చుట్టానివి, కూసో," అన్నాను. నేనే కూర్చోబెట్టాను.

రెండో ముద్ద దగ్గర జీపు వచ్చింది.

దాని వెనక మా ఊరి రైతులు నలుగురు మోటారు సైకిళ్ళ మీద. ఆ నలుగురిలో ఒకరైన మా మరిది ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. వాళ్ళలో ఒక్కరూ వాకిట్లోకి రాలేదు. అందరూ గేటు బయటే ఆగారు. పోలీసులు కార్డులు చూపించమన్నారు. మగవాళ్ళు ఎంగిలి చేతులతోనే సంచులు వెతికి, ప్లాస్టిక్ కవర్లలో దాచుకున్నవి తీసి ఇచ్చారు. ఆ పిల్ల కదల్లేదు. నా వైపే చూస్తోంది.

"నీకేమైతదమ్మా ఈమె?" అని పెద్ద పోలీసు నన్ను అడిగాడు.

"నా పొలంల పనిచేస్తది. తిననియ్యి సార్. తిన్నంక అడుగు."

"ఠాణాల కూడ పెడ్తరు అన్నం," అన్నాడు.

అందరినీ జీపు ఎక్కమన్నారు. చేతులు కడుక్కోవడానికి నేను చెంబుతో నీళ్ళు పోశాను. ఆ పిల్ల చెయ్యి కడుక్కుని, తన విస్తరి తను తియ్యబోయింది. లేడీ కానిస్టేబుల్ రెక్క పట్టుకుంది. జీపు పోయింది. విస్తళ్ళలో కూర అలాగే ఉంది.

నేను గేటు దగ్గరికి పోయాను.

"నువ్వేనా?" అన్నాను మా మరిదితో.

"నేనొక్కన్నే కాదు వదినా. ఊరంత అనుకున్నదే."

"ఎప్పుడనుకున్నరు?"

"నువ్వు చెప్పిన మరునాడే. అప్పుడే పోలీసులకు చెప్దమన్నరు కొందరు. నాట్లు సగంల ఉన్నయి, ముఠా చెదిరితే ఎవరేస్తరని నేనే ఆపిన. నీ మడి ఆఖరుది గదా. మా వదిన మడి అయ్యేదాకనన్న ఆగుండ్రని ఒక్కొక్కన్ని బతిలాడిన. నీ కోసమే ఆగినం."

ఆయన ముఖంలో తప్పు చేసిన జాడ లేదు. నేను ఏదో మంచి మాట అంటానని ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డాడు. మిగతా ముగ్గురూ తల ఊపారు. వాళ్ళ పొలాలు నాలుగూ పచ్చగా ఉన్నాయి. ఆ నాలుగింటిలోనూ ఆ పిల్ల వేసిన కుదుళ్ళు ఉన్నాయి.

"ఆ కోడి కూడ నా కోసమేనా?" అన్నాను.

ఆయన మోటారు సైకిల్ తాళం తిప్పాడు.

సాయంత్రం మా ఊరి ముఠా పెద్ద వచ్చింది, దుకాణం దగ్గర నన్ను తిట్టిన కోడలు. కూర్చోమన్నా కూర్చోలేదు. "ఆళ్ళను తిట్టినం అత్తా, అబద్ధం గాదు. మొఖం మీద తిట్టినం. ఇట్లనైతే చెయ్యలే," అని, విస్తళ్ళు ఎత్తి, వాకిలి ఊడ్చి పోయింది.

మరునాడు మిర్యాలగూడ ఠాణాకు పిలిచారు. మా మరిదే తీసుకుపోయాడు. మగవాళ్ళను ముందు రోజు రాత్రికే వదిలేశారట. ఆ పిల్ల మాత్రం లేదు, హైదరాబాదు పంపామన్నారు. నా ముందు ఒక కాగితం పెట్టి సంతకం చెయ్యమన్నారు.

"జల్ది పెట్టు వదినా. అంత నేను చెప్పి రాయించిన," అన్నాడు మా మరిది.

నేను సూర్యాపేటలో మూడో తరగతి దాకా చదివాను. తరువాత చెల్లెలిని ఎత్తుకోవడానికి బడి మాన్పించారు. కానీ అక్షరాలు పోలేదు. వేలు పెట్టి ఒక్కొక్క మాట చదివాను. పోలీసు గడియారం చూశాడు. "నాకు చదువు రాదు. ఆమె ఏ దేశపు మనిషో నాకు తెలియదు. ఆమె చెప్పలేదు," అని రాసి ఉంది. మొదటి మాటా అబద్ధమే, చివరి మాటా అబద్ధమే.

"తెలుసని రాస్తే ఏమైతది?" అని అడిగాను.

"నీ మీద కూడ కేసైతది అవ్వా. తెలిసి దాచినందుకు."

కోడలు, మనవరాళ్ళు గుర్తొచ్చారు. సంతకం పెట్టాను. చదువు రాదని రాసిన కాగితం కింద నా పేరు, ఇంటిపేరుతో సహా, గుండ్రంగా రాశాను. భయపడి పెట్టాను. దానికి వేరే పేరు పెట్టను.

ఎవరైనా వకీలు తెలుస్తాడేమోనని సూర్యాపేటలో కూతురింటికి పోయాను. కూతురు సగం విని, "బాబాయి మంచి పనే చేసిండమ్మా. నువ్వు ఇరుక్కుంటుంటివి," అంది. అల్లుడు ఫోన్ తెచ్చి ఏవో వీడియోలు చూపించాడు. ఎక్కడో గోడలు దూకుతున్న మనుషులు. ఇందులో ఆ పిల్ల ఎక్కడుంది అని అడిగాను. ఇద్దరూ నవ్వారు. అన్నం తినకుండానే బస్సెక్కాను.

ముఠా కోదాడలో ఉందని తెలిసి, ఆ పిల్ల సంచి పట్టుకుని పోయాను. రెండు చీరలు, ఒక అద్దం, సగం సీసా ఆవనూనె. బస్టాండు పక్కన చాయ్ అమ్మే ఆమెను అడిగాను.

"బెంగాలోళ్ళా? ఆ మిల్లు ఎనకాల ఉంటన్నారు. ఇయ్యాలే ఎళ్ళిపోతారంట, తొందరగా ఎళ్ళండి మామ్మగారూ."

మేస్త్రీ మిల్లు గోడ నీడలో బట్టలు మూట కడుతున్నాడు. నన్ను చూసి లేచాడు. ఎప్పుడూ నన్ను చూస్తే లేచేవాడు.

"సరిహద్దు దాక తీస్కపోతరట," అన్నాడు. "నేను పోత. కల్వనిస్తరో లేదో." సంచి తీసుకున్నాడు, విప్పి చూడలేదు. మూట ముడి బిగిస్తూ అడిగాడు. "అమ్మా, గా కోడి గందుకే కోసినవా?"

"నాకు తెల్వదు బిడ్డా."

"తెల్వదు," అన్నాడు. మా ఊళ్ళో అందరి దగ్గరా ఆ మాట విన్న మనిషి తిరిగి అప్పజెప్పినట్టు.

ఆ పిల్ల సంగతి నేనే మా మరిదికి చెప్పానని అతనితో చెప్పడానికే పోయాను. చెప్పకుండానే బస్టాండు దాకా అతని వెంట నడిచాను. ఆమె ఒక్కరికే చెప్పింది. నేనూ ఒక్కడికే చెప్పాను. నన్ను మోసం చేసిందని ఆమె మీద అలిగిన రెండు రోజులు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అతను బస్సెక్కాడు. ఆ తరువాత వాళ్ళ కబురు ఏదీ లేదు. మేస్త్రీ ఫోన్ కలవదు.

చలికాలంలో యాసంగి నాట్లు వచ్చాయి. ఈసారి బీహార్ ముఠా. మా మరిది గేటు బయట నిలబడి, "కొట్టం ఖాళీగనే ఉన్నది గదా వదినా," అన్నాడు. ఆయన్ను నేను ఇప్పుడు లోపలికి రమ్మనడం లేదు. కొట్టం మాత్రం ఇచ్చాను. మడి ఎండబెట్టుకునే ధైర్యం నాకు లేదు. ఆ ముఠాలో ఎవరికి కార్డులున్నాయో ఎవరికి లేవో నేను అడగలేదు. ఎవరైనా చెప్పబోయినా, నాకు చెప్పకు అన్నాను.

ఆఖరి నాటు రోజు పొద్దున్నే పొయ్యి వెలిగించలేదు. బియ్యం, పప్పు, ఉల్లిగడ్డలు, నూనె, పదిమందికి సరిపోను కొలిచి రెండు మూటలు కట్టాను. ఆటోను ముందే పిలిపించాను. నాటు కాగానే మూటలు వాళ్ళ చేతిలో పెట్టాను.

"దావత్ లేదా అమ్మా?" అన్నాడు వాళ్ళ మేస్త్రీ.

"లేదు. పోయిన కాడ వండుకోండ్రి. ఇక్కడ ఆగకుండ్రి."

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. ముసలిది కట్టెలు మిగుల్చుకుంటోంది అనుకుని ఉంటారు. మధ్యాహ్నానికి ఈ సంగతి ఊరంతా తెలిసింది. మా మరిది గేటు దగ్గరికి వచ్చి, "ఊరి ఆచారం తప్పినవ్ వదినా. పిసినారితనానికి కూడ ఒక హద్దుండాలె," అన్నాడు.

అప్పటికే ఆటో కాలువ కట్ట దిగి మిర్యాలగూడ తోవ పట్టింది. కొట్టంలో ఎవరూ లేరు.